స్టూలు చట్టం రద్దయిన పక్షంలో

కూర్చోవడం సామాన్యమైన విషయం కాదు. రాజ్యవ్యవస్థ యావత్తూ దానిమీదే ఆధారపడి ఉన్నది. ప్రభుత్వాలు గద్దెనెక్కుతాయి, మంత్రులు పీఠాలను అలంకరిస్తారు, సభలు కొలువుతీరుతాయి, ఫైళ్ళు బల్లల మీద కూర్చుంటాయి, మేము వాటి ఎదుట కూర్చుంటాము. నిలబడి రాజ్యమేలినవాడు చరిత్రలో ఎక్కడా కనిపించడు. చరిత్రలో నిలబడి కనిపించేవారంతా వింజామరలు వీచేవారో, కోటగుమ్మం కాచేవారో, లేదా చీరలు అమ్మేవారో అయి ఉంటారు.

ఈ మూడవ వర్గంవారి మీద దయతలచి కేంద్రప్రభుత్వం వెనకొకప్పుడు ఒక చట్టం చేసింది. దాని పూర్తి పేరు విక్రయశాలా సిబ్బంది ఆసన రక్షణ చట్టం. జనం నోట స్టూలు చట్టం. ప్రతి దుకాణంలోనూ పనివారి కోసం ఆసనం ఉండాలి, ఎదుట కొనేవారెవరూ లేనప్పుడు పనివారు కూర్చోవచ్చును, కూర్చున్నందుకు ఎవరినీ పనిలోంచి తీసివేయరాదు. ఇంతే చట్టం. దానిని తెలుగు చేసే భాగ్యం సచివాలయ భాషావిభాగంలో ఉన్న నాకు దక్కింది. "కూర్చోవచ్చును" అని రాస్తే శాసనానికి ఏమి గాంభీర్యం? "వినియోగదారు సాన్నిధ్యము లేని వేళలయందు ఉద్యోగి ఉపవేశనమునకు అర్హత కలిగియుండును" అని రాశాను. దానివల్ల చట్టానికి గౌరవం పెరిగింది. వినియోగం కొంత తగ్గిందంటారు గాని, రెండూ ఒకేసారి పెరగడం నేను ఏ చట్టం విషయంలోనూ చూడలేదు.

ఇట్లా ఉండగా ఢిల్లీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. స్టూలు చట్టం ఇంకా అవసరమా కాదా అన్నది పునరాలోచిస్తున్నామనీ, రాష్ట్రాలు తమ అభిప్రాయం తెలపవలసిందనీ దాని సారాంశం. ఇలాంటి ఉత్తరం వస్తే మిగతా రాష్ట్రాలు ఏమి చేస్తాయో అదే చేశాయి. ఫైలులో పెట్టి తాడు కట్టాయి. మన రాష్ట్రం అట్లా చేయదు. అడిగినదానికి జవాబు చెప్పడం ఎవరైనా చేస్తారు. అడగనిదానికి సిద్ధపడటమే పరిపాలన. కేంద్రం రేపు నిజంగానే చట్టాన్ని తీసివేస్తే రాష్ట్రం గతేమిటి? ఆ పక్షంలో ఏమి చేయాలో నిర్ణయించడానికి "కేంద్ర రక్షణ ఉపసంహరణానంతర సర్వసన్నద్ధతా సంఘం" ఏర్పాటయింది. ఆ పేరు నాదే. పేరు పెట్టినవాడినే సంఘానికి సమావేశకర్తను చేశారు.

అధ్యక్షులు శ్రీ దండిభొట్ల త్రివిక్రమరావుగారు, ప్రత్యేక ప్రధాన కార్యదర్శి. ఆయన మాట్లాడేటప్పుడు ఎప్పుడూ కళ్ళు మూసుకుంటారు. వినేటప్పుడు కూడా. న్యాయశాఖ పక్షాన జాన్ విక్టర్‌గారు. ఏ విషయంలోనైనా ఇతరులకు కనిపించని చిక్కును కనిపెట్టగలగడం ఆయన ప్రత్యేకత. తొలి సమావేశంలోనే దానిని చూపించారు.

"అయ్యా, చట్టం రద్దయ్యే క్షణానికి ఒక ఉద్యోగిని కూర్చుని ఉందనుకోండి. ఆమె కూర్చున్నది చట్టప్రకారం. మరుక్షణం చట్టం లేదు. కానీ ఆమె ఇంకా కూర్చునే ఉంది. ఇప్పుడామె ఏ అధికారంతో కూర్చున్నట్టు?"

అధ్యక్షులవారు కళ్ళు మూసుకున్నారు.

"లేస్తుంది కదా?" అన్నారు.

"లేవడానికి వ్యవధి పడుతుంది కదండీ. ఒక్కసారిగా ఎవరు లేస్తారు? మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళయితే మరీనూ. సగం లేచి ఉన్నప్పుడు న్యాయరీత్యా ఆమె కూర్చున్నట్టా, నిలబడ్డట్టా?"

"సగం లేచిన స్థితికి ఏదైనా మాట ఉందా అవధానులుగారూ?" అని అధ్యక్షులవారు నావైపు తిరిగారు, కళ్ళు తెరవకుండానే.

"అర్ధోత్థానం," అన్నాను.

"మహత్తరంగా ఉంది. రాయండి."

ఆ రోజంతా అర్ధోత్థానంతోనే సరిపోయింది. తరువాతి సమావేశాలలో గొంతుక్కూర్చోవడం ఉపవేశనం కిందికి వస్తుందా రాదా అన్నది చర్చకు వచ్చింది. నేలకు తగలనంతవరకూ అది కూర్చోవడం కాదని కార్మికశాఖవారు, మోకాళ్ళు మడిచాక ఏదైనా కూర్చోవడమేనని వైద్యశాఖవారు పట్టుబట్టారు. దానికొక ఉపసంఘం వేశాము. గోడకు ఆనుకోవడం గురించి మాత్రం ఏకాభిప్రాయం సులువుగానే కుదిరింది. గోడ యజమానిది.

ఇంత పని జరిగాక, ఈ చట్టంవల్ల మేలు పొందుతున్నవారిని కూడా ఒకసారి చూస్తే బాగుంటుందని ఎవరో అన్నారు. కార్మికశాఖవారు ఒక మహిళను పంపారు. పేరు బోణం మంగతాయారు. పెద్దబజారులో సిరిధాత్రి సిల్క్స్ అనే బట్టల దుకాణంలో పట్టుచీరల విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి. ముతక నేత చీర, నున్నగా దువ్విన జుట్టు. లోపలికి వచ్చి నమస్కారం చేసి, ఎక్కడ నిలబడాలా అన్నట్టు చూసింది. నేను కుర్చీ చూపబోయాను. విక్టర్‌గారు నా మోచేయి పట్టుకుని చెవిలో చెప్పారు.

"తొందరపడకండి. ఆమె కూర్చోవచ్చునా లేదా అన్నదే ఇక్కడ విచారణలో ఉన్న అంశం. కూర్చోమన్నామా, ముందే తీర్పు చెప్పినట్టవుతుంది."

"ఫర్వాలేదండి. అలవాటేనండి," అన్నది మంగతాయారు. విక్టర్‌గారి గుసగుస బల్ల చివరిదాకా వినిపిస్తుంది.

"చెప్పండమ్మా. ఈ చట్టం మీ జీవితాలలో తెచ్చిన పరివర్తనను సంఘానికి నివేదించండి," అన్నారు అధ్యక్షులవారు.

"పరివర్తనంటే ఏంటోగానండి, జరిగింది చెప్తాను. ఆ రోజు మజ్జానం ఒక్క బేరం లేదండి. పొద్దుట్నించీ నిలబడి నిలబడి కాళ్ళు బూరెల్లా పొంగిపోయినయ్యి. పిక్కల మీద నరాలు చూడండి కావాలంటే, తాళ్ళు పేనినట్టుంటాయి. కళ్ళు తిరిగినట్టయ్యి కౌంటరు వెనకాల నేలమీద కాసేపు కూలబడ్డానండి. మా ఓనరు నరహరిగారు పైన గదిలోంచి కెమెరాలో చూశాడు. సాయంత్రం పిలిచి, ఇంట్లోనే కూర్చో అమ్మాయి, ఇక్కడికి రావద్దన్నాడు."

"ఆహా," అన్నారు అధ్యక్షులవారు.

"లేబరాఫీసులో ఫిర్యాదిచ్చానండి. ఆ సారు మంచోడు. చట్టం నీ పక్షానే ఉందమ్మా, కూర్చున్నందుకు తీసెయ్యకూడదు, కేసు విచారణకి రాగానే నీ పని నీకిప్పిస్తానన్నాడు. కాగితం చదివి వినిపించాడు కూడా. అందులో ఉపవేశనమని ఉందంట కదండీ? ఇన్నాళ్ళూ మా షాపులో దాన్ని ఉపవాసం అనుకున్నామండి. శుక్రవారం ఉపవాసం ఉండేవాళ్ళకి గవర్నమెంటు రక్షణేంటా అని నవ్వుకునేవాళ్ళం."

అందరూ నావైపు చూశారు. నేను అభినందనగా స్వీకరించాను. ఒక చీరల కొట్టులో నా అనువాదం ఇన్నాళ్ళపాటు చర్చలో ఉన్నదంటే మాటలా?

"ఇప్పుడేమో ఆ చట్టమే పోద్దని అంటున్నారండి. అది పోతే నా కేసూ పోద్దంట. మా ఇల్లు నా జీతం మీదే నడుస్తదండి. మా ఆయనకి చూపు సరిగ్గా ఆనదు. పెద్దోళ్ళు మీరు. చట్టం పోయేలోపు నా కేసు తేల్చెయ్యమని ఒక్క మాట చెప్పండయ్యా. అంతే నేనడిగేది."

అధ్యక్షులవారు చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమోనని భయపడ్డాను గాని, ఆయన ఆలోచిస్తున్నారు.

"అమ్మా, మీ ఆవేదన సంఘం గ్రహించింది. అయితే ఈ సంఘం పరిధి భవిష్యత్కాలం. మీ సమస్య వర్తమానకాలానికి చెందినది."

నేను ఉండబట్టలేక, "చిత్తం, 'కూలబడ్డాను' అన్నది కనుక అది భూతకాలం," అని సవరించాను. సవరణ మినిట్సులో చేరింది. మంగతాయారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

తరువాతి ఘట్టం అభ్యాస విన్యాసం. వరదలకూ అగ్నిప్రమాదాలకూ ముందుగా కసరత్తు చేయించినట్టే, చట్టం రద్దయిన క్షణాన ఎట్లా లేవాలో పనివారికి నేర్పాలన్నది సంకల్పం. మునిసిపల్ హైస్కూలు మైదానంలో షామియానా వేయించి, టెంటుహౌసు నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాము. ప్రతి దుకాణమూ తన సిబ్బందిని పంపాలని ఉత్తర్వు. ముందు అందరూ కూర్చోవాలి. సైరన్ మోగగానే అర్ధోత్థానం మీదుగా ఉత్థానానికి రావాలి. వరసలు వరసలుగా ఆడవాళ్ళు, కొందరు మగవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆ కూర్చోవడంలోనే ఒక నిట్టూర్పు మైదానమంతా పాకింది. అధ్యక్షులవారు దానిని క్రమశిక్షణగా భావించారు.

సైరన్ మోగింది. ఎవరూ లేవలేదు.

"లేవండమ్మా! చట్టం రద్దయింది!" అని నేను మైకులో ప్రకటించాను.

"పోతే పోయిందిలెండి, కుర్చీలున్నయ్యిగా!" అన్నారెవరో వెనక వరసలోంచి. మైదానం గొల్లుమంది.

"ఒసే రత్తాలూ, గుర్రుపెట్టకే, ఆఫీసర్లు చూస్తున్నారు."

"చూడనీవే. చూస్తే అరిగిపోతానా?"

"ఇదిగో సారూ, ఈ సైరను రోజూ పెడతారా? రోజూ పెట్టించండి, పుణ్యముంటది!"

ఆ సమయంలో ఒకే ఒక్క మనిషి లేచి నిలబడింది. చివరి వరసలో మంగతాయారు. పనిలోంచి తీసివేసినవాళ్ళకు ఉత్తర్వు వర్తించదు. అయినా వచ్చింది. సైరన్ మోగగానే, నేను కరపత్రంలో రాసిన ప్రకారం మోకాళ్ళ మీద చేతులు ఆనించి, సగంలో ఒక క్షణం ఆగి, నిటారుగా లేచింది. అధ్యక్షులవారు స్వయంగా ఆమె దగ్గరికి నడిచి వెళ్ళారు.

"ఆదర్శప్రాయం! ఇట్లాంటి పౌరులుంటే రాష్ట్రం ఏ రద్దునైనా ఎదుర్కోగలదు."

"చెప్పినట్టు చేశానండి. మరి నా కేసు సంగతి..."

"పరిశీలనలో ఉందమ్మా," అని ఆయన ఆమెతో ఫొటో తీయించుకున్నారు. మిగతావారిని లేపడానికి టెంటుహౌసు వాళ్ళు వచ్చి కుర్చీలు లాగవలసి వచ్చింది.

విన్యాసం వార్త పత్రికలలో రావడంతో వ్యవహారం శాసనసభకు ఎక్కింది. కేంద్రం చట్టాన్ని తీసివేస్తుంటే రాష్ట్రం లేచి నిలబడటం నేర్పుతున్నదేమిటని ప్రతిపక్షం ఎగతాళి చేసింది. మంత్రిగారికి పౌరుషం వచ్చింది. "ఢిల్లీకి గట్టిగా నిరసన తెలపండి. వెంటనే. దిమ్మ తిరగాలి వాళ్ళకి," అని ఆదేశించారు.

రచనాభారం సహజంగానే నామీద పడింది. నా ఉద్యోగ జీవితంలో అంతటి వాక్యం మరొకటి రాయలేదు. మొదలుపెట్టిన వాక్యం పుటలు దాటినా పూర్ణవిరామం ఎరుగదు. దానికి నేను పెట్టిన శీర్షిక "ఆసన రక్షణ చట్ట నిరసన తీర్మానం". ఢిల్లీకి పోయే కాగితం హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలని ఒక నియమం ఉన్నది. లోపలి వాక్యాన్ని ఏ భాషలోకి మార్చాలన్నా వర్షాకాలం గడిచిపోతుంది. అందుచేత తెలుగు ప్రతిని యథాతథంగా జతపరిచి, పైన "విషయం" అనే ఒక్క పంక్తి మాత్రం హిందీలో రాయాలని తీర్మానించాము. అందులోనూ నేను రాజీపడలేదు. నిరసన అచ్చమైన సంస్కృత శబ్దం. హిందీవారికీ ఉన్నది, మనకూ ఉన్నది. ఉన్న మాటకు అనువాదమెందుకు? ఆ మాటను నాగరి లిపిలో అట్లాగే దించాను. ఆ పంక్తిని తెలుగులో చెప్పాలంటే ఇది: "ఈ రాష్ట్రము ఆసన రక్షణ చట్ట నిరసనకై ఏకగ్రీవముగా, సంపూర్ణముగా, తక్షణముగా ఉద్ఘాటించుచున్నది." ఢిల్లీలో విషయం మాత్రమే చదువుతారు. నిందించడానికి లేదు, మేమూ అంతే.

జవాబు ఆశ్చర్యకరమైన వేగంతో వచ్చింది. ఢిల్లీ నుంచి అంత మర్యాదగల ఉత్తరం నేను ఎన్నడూ చూడలేదు. "మీ రాష్ట్రం పంపిన నిరసన ప్రతిపాదన అందినది. ఇతర రాష్ట్రాల నుంచి ఎట్టి అభిప్రాయమూ రానందున, వచ్చిన ఒక్క అభిప్రాయాన్నే సర్వరాష్ట్రాల అభిప్రాయంగా పరిగణించి, మీరు కోరిన ప్రకారం చట్టాన్ని రద్దు చేయడమైనది. మీ స్పష్టతకు ధన్యవాదములు."

సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

"మనం కోరిన ప్రకారమా? మనమెప్పుడు కోరాం?" అని విక్టర్‌గారు ఉత్తరాన్ని తిరగేసి చూశారు.

నేను నిఘంటువు తెరిచాను. హిందీలో నిరసన్ అంటే చట్టాన్ని రద్దు చేయడం. అది వారి శాసన పరిభాష. రోడ్డు మీద జెండాలు పట్టుకుని చేసే నిరసనకు వాళ్ళు వేరే మాట వాడతారు.

"అంటే..." అన్నారు అధ్యక్షులవారు.

"అంటే, చట్టాన్ని వెంటనే, సంపూర్ణంగా, ఏకగ్రీవంగా రద్దు చేయమని మనం రాశామండీ. అయితే మూలం చూస్తే తప్పు పట్టవలసింది తెలుగునే. 'అస్' ధాతువుకు విసిరివేయడమని అర్థం. 'నిర్' చేరితే బయటికి విసిరివేయడం. మూలార్థాన్ని హిందీవారు నిలుపుకున్నారు. మనవాళ్ళు కాలక్రమాన దానిని అరుపులు కేకల స్థాయికి దించుకున్నారు. నా ప్రయోగం శాస్త్రరీత్యా నిర్దుష్టం."

అధ్యక్షులవారు కళ్ళు తెరిచారు. ఆయన కళ్ళు గోధుమరంగువని నాకు ఆనాడే తెలిసింది.

"అవధానులుగారూ," అన్నారు నెమ్మదిగా, "అయితే మన ప్రణాళిక పనికివస్తుందన్నమాట!"

ఒక్కసారిగా గదికి ప్రాణం వచ్చింది. నిజమే కదా! చట్టం రద్దు కాకపోయి ఉంటే ఇంత సన్నద్ధత ఏమయ్యేది? ఉపసంఘాలు, కరపత్రాలు, అర్ధోత్థానం, అన్నీ వృథాయే కదా! ఏ విపత్తుకు సిద్ధపడ్డామో ఆ విపత్తును కూడా మనమే సమకూర్చుకున్నాము. స్వయంసమృద్ధికి ఇంతకన్నా నిదర్శనం ఏముంటుందని విక్టర్‌గారు అన్నారు. టీ తెప్పించారు.

రెండు మూడు రోజులకు మంగతాయారు నా గది గుమ్మంలో కనిపించింది. లేబరాఫీసువాళ్ళు ఆమె ఫిర్యాదు మూసివేశారు. చట్టమే లేనప్పుడు దానికింద విచారణేమిటని.

"చట్టం తీసెయ్యమని మీరే రాశారంట కదండీ?"

"తీసెయ్యమని కాదమ్మా. నిరసన తెలిపాం."

"తెలపకుండా ఊరుకుంటే ఉండేదేమోనండి."

ఆమెకు విషయం బోధపడలేదని గ్రహించి, ధాతువు దగ్గరినుంచి మొదలుపెట్టి వివరంగా చెప్పాను. ఆమె గుమ్మానికి ఒక చెయ్యి ఆనించి ఓపికగా విన్నది. నా ఎదుట కుర్చీ ఉన్నది గాని, దానిమీద నిఘంటువులు ఉన్నాయి.

"ఆ అస్సు నా పని నాకిప్పిస్తదాండి?" అన్నది చివరికి.

ఆ ధాతువుకు అటువంటి ప్రయోగం ఎక్కడా కనిపించదని నిజాయితీగా చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, మెట్లు దిగి వెళ్ళింది. మెట్ల పక్క రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి దిగుతున్నది. ఆ రోజు నేను పరిభాష మీద రాయదలచిన వ్యాసం ముందుకు సాగలేదు.

ప్రణాళిక మాత్రం ముందుకు సాగింది. అందులో "రక్షణ కోల్పోయిన ఆసనాల సగౌరవ ఉపసంహరణ" అనే అధ్యాయమున్నది. చట్టం పోయింది గనుక ఆసనం ఉంచవలసిన బాధ్యత యజమానికి ఇక లేదు. ఆ సంగతి సంఘమే స్వయంగా వెళ్ళి తెలియజేసి, ఆసనాన్ని అధికారికంగా సెలవుపుచ్చాలి. తొలి దుకాణంగా సిరిధాత్రి సిల్క్స్‌ను నేనే సూచించాను. ఎందుకు సూచించానో మినిట్సులో లేదు. యజమానితో ఒక మాట అనగలనేమోనని.

శ్రావణమాసం. దుకాణం కిటకిటలాడుతున్నది. యజమాని పోలిశెట్టి నరహరి ఎదురొచ్చి, మాకు మెత్తని కుర్చీలు వేయించి, చల్లని బాదంపాలు ఇప్పించాడు.

"మంగతాయారు అని మీ దగ్గర పనిచేసిన..." అని మొదలుపెట్టాను.

"మళ్ళీ పిలిచానండి! పెళ్ళిళ్ళ సీజను. విప్పిన పట్టుచీరని మళ్ళీ అదే మడతలో పెట్టాలంటే ఆవిడే పెట్టాలి. అప్పుడంటే కేసు పెట్టి కూర్చుంది. ఇప్పుడు కేసు లేదుగా, మనసులో ఏమీ పెట్టుకోలేదండి నేను. ఇకమీదట కింద కూలబడనని ఒప్పుకుంది, రమ్మన్నాను."

సమస్య సామరస్యంగా పరిష్కారమైనదని అధ్యక్షులవారు సంతోషించారు. తరువాత గొంతు సవరించుకుని అసలు విషయానికి వచ్చారు.

"చట్టానుసారం మీరు సిబ్బందికి ఆసనం ఏర్పాటు చేశారా?"

"చట్టం వచ్చిన వారంలోనే చేయించానండి. టేకుది. ఇన్‌స్పెక్టరుగారు ఎప్పుడొచ్చినా చూసి మెచ్చుకునేవారు."

"నేటినుంచి దానిని ఉంచవలసిన అవసరం మీకు లేదు. ప్రభుత్వం పక్షాన తీసుకుపోవడానికి వచ్చాము."

నరహరి ముఖం పాలిపోయింది. "అయ్యయ్యో, అంత పని చెయ్యకండి సార్! చట్టం ఉన్నా పోయినా ఆ స్టూలు మాకుండాల్సిందే. అది లేకపోతే మా ఆడపిల్లలు ఒక్క పూట పనిచెయ్యలేరు."

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. శాసనం వెనక్కి తీసుకున్న కరుణను ఒక వ్యాపారి స్వచ్ఛందంగా నిలుపుకుంటున్నాడు. అధ్యక్షులవారి కళ్ళు చెమర్చాయి. ప్రశంసాపత్రానికి మాటలు వెతకమని నాకు సైగ చేశారు. "ఏదీ, ఒకసారి చూపించండి ఆ ఆసనాన్ని," అన్నారు.

నరహరి పట్టుచీరల కౌంటరు వైపు చెయ్యి చూపించాడు. స్టూలు అక్కడే ఉన్నది. పై అరలోని పెట్టె అందుకోవడానికి మంగతాయారు దానిమీద ఎక్కి నిలబడి ఉన్నది.